మట్టిబుర్ర పట్టిన పట్టు

చంద్రవంకపురం రాజుగారి చెడుగుడు జట్టుకు నాయకుడు భైరప్ప. కొత్త ఆటగాళ్లను ఎంపిక చేసేనాడు జనమంతా కుమ్మరి సింగన్న ఆటకు చప్పట్లు కొడుతుంటే భైరప్ప కడుపు భగ్గున మండిపోయింది. నిన్నటిదాకా ఆ చప్పట్లు తనవే మరి!

"కండ ఉంటే చాలదు ప్రభూ, చెప్పగానే నేర్చుకునే బుర్ర ఉండాలి" అంటూ ఆట నియమాలన్నీ గుక్క తిప్పుకోకుండా వల్లించి, "ఏదీ, తిరిగి చెప్పరా!" అన్నాడు.

సింగన్న రెండోదానికే తడబడ్డాడు. "మట్టిబుర్ర!" అని భైరప్ప పకపకా నవ్వాడు.

సింగన్న రాజుగారికి దణ్ణం పెట్టాడు. "నేను నేర్చుకున్నది ఒక్కటే దొరా. నాయకుడుగారు కూతకొస్తే ఎప్పుడూ ఎడమ మూలకే దూకుతారు. రమ్మనండి, పట్టేస్తాను."

భైరప్ప మీసం దువ్వి కూత అందుకున్నాడు. ఎడమకే వస్తాననుకుంటున్నాడు వెర్రివాడు, అని లోలోపల మురిసిపోతూ కుడి మూలకు దూకాడు. అక్కడే కాచుకుని ఉన్న సింగన్న అతని కాళ్లు రెండూ ఒడిసిపట్టాడు.

"ఎడమకన్నావు కదరా!" దుమ్ములో బోర్లాపడి అరిచాడు భైరప్ప.

"అన్నానయ్యా. తమరిది చెప్పగానే నేర్చుకునే బుర్ర కదా, మార్చుకుంటారని తెలుసు."

మళ్లీ చప్పట్లు మోగాయి. ఎవరికో చూడటానికి భైరప్ప తలెత్తలేదు.