జాంబయ్య జట్టుకు గోల్‌కీపర్ దొరికిన వైనం

మద్దికోన అడవిలో వానలు వెనకబట్టగానే వాగు పక్కన ఇసుక మేట గట్టిపడుతుంది. అప్పట్నుంచి ఎండలు ముదిరేదాకా అక్కడ ఫుట్‌బాల్ ఆటే. ఆ అడవిలో పూట గడవనివాళ్ళు ఉన్నారేమో గాని, ఆట పట్టనివాళ్ళు లేరు. ఉన్నవి రెండు జట్లు. కొండవార జట్టుకి యజమాని చిరుత. వాగుగట్టు జట్టుకి యజమాని జాంబయ్య అనే ఎలుగుబంటి. అడవిలో తేనె వ్యాపారమంతా జాంబయ్యదే. ఏ చెట్టు కొమ్మన పట్టు వేలాడినా అది ఆయనదే అనుకోవాలి.

వాగుగట్టు జట్టుని అభిమానించడంలో గంగులు అనే గాడిదని మించినవాడు లేడు. జట్టు గెలిస్తే ఆ వారమంతా మేత సహించేది. ఓడితే సహించేది కాదు. మూడేళ్ళుగా అతను బక్కచిక్కే ఉన్నాడు.

దానికి కారణం గోల్ దగ్గర నిలబడే తాబేలు. కూలి అడగడని జాంబయ్య అతన్ని గోల్‌కీపర్‌గా పెట్టాడు. తాబేలు మంచివాడే, కష్టపడేవాడే. కాకపోతే బంతి లోపలికి వెళ్ళాక కదలడం మొదలుపెట్టేవాడు. అవతల చిరుత దూరపు అడవుల నుంచి దుప్పుల్ని తెప్పించి ముందు వరసలో ఆడిస్తున్నాడు. మొన్న ఆదివారం ఆటలో ఆ దుప్పులు ఏడు గోల్స్ కొట్టాయి. ఏడోది పడేసరికి తాబేలు మూడోదాని కోసం వంగుతున్నాడు.

ఆ సాయంత్రం ఇప్పచెట్టు కింద అభిమానులంతా చేరారు. యజమానికి ఆశయం లేదని గంగులు మొదలుపెట్టాడు. అవతలి కొండ మీద ఒక కొండముచ్చు ఉన్నాడని, రెండు చేతులూ తోకా చాపితే గోల్‌లో గాలి కూడా దూరదని, నలభై తేనెపట్లు ఇస్తే వచ్చేస్తాడని చెప్పాడు. కాకి, కుందేలు, అడవిపంది అంతా తలలూపారు. ఖర్చు పెట్టలేనివాడికి జట్టెందుకని కాకి అడిగింది.

బసవయ్య అనే ముసలి ఎద్దు ఒక్కడే అడ్డం చెప్పాడు. ఇంతకుముందున్న యజమాని చేతికి ఎముక లేకుండా ఖర్చుపెట్టి, చివరికి బంతి కూడా అమ్ముకుని పోయాడని, జాంబయ్య నిదానస్తుడే గాని జట్టుని నిలబెట్టాడని గుర్తుచేశాడు.

"నిలబెట్టాడు మామా, కాదనను. నిలబెట్టి అక్కడే వదిలేశాడు," అన్నాడు గంగులు.

అంతా నవ్వారు. గంగులుకి హుషారొచ్చింది. ఒక్క కొండముచ్చుతో ఆగుతామా, ముందు వరసకి రెండు జింకలు, మధ్యలో పెద్ద కొమ్ముల కణుజు ఒకటి కావాలన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ సాయంత్రం చెట్టు కింద జాంబయ్య తేనెంతా ఖర్చైపోయింది.

ఈ మాటలన్నీ జాంబయ్యకి చేరాయి. చేరవేసింది ఆయన సలహాదారు నక్క. జాంబయ్యకి కోపం కంటే బాధే ఎక్కువైంది. ఇంత చేస్తే ఇదా అనుకున్నాడు. పట్లు ఇవ్వడానికి మాత్రం చెయ్యి రాలేదు. అప్పుడు నక్క ఒక ఉపాయం చెప్పింది.

"అయ్యా, అరిచే నోరు వేరు, పెట్టే చెయ్యి వేరు. పెట్టమని అడిగి చూడండి, అరుపు దానంతటదే ఆగుతుంది."

మర్నాడు కాకి చేత చాటింపు వేయించారు. జట్టు కోసం ఏ అభిమాని అయినా తన ఒక్కరోజు తిండి తెచ్చి ఇస్తే, తలకి ఒకటి చొప్పున యజమాని కూడా తన ఒక్కరోజు తిండి ఇస్తాడు. జాంబయ్య ఒక్కరోజు తిండి అంటే నిండు తేనెపట్టు. నలభై మంది ముందుకొస్తే కొండముచ్చు వచ్చినట్టే.

చాటింపు విన్నంతసేపూ చెట్టు కింద చప్పట్లే. ఆ తర్వాత చప్పుడు లేదు. అడవిపంది తన కడుపు ఉపవాసానికి పనికిరాదన్నాడు. కుందేలు ఇంట్లో పిల్లలు ఎంతమందో లెక్కపెట్టుకోవడానికి వెళ్ళి తిరిగి రాలేదు. చాటింపు వేసిన కాకికే ఎక్కడో తద్దినం పిలుపుందని గుర్తొచ్చింది.

నిజం చెప్పాలంటే గంగులు కూడా జారుకుందామనే చూశాడు. నాలుగడుగులు వేశాడు కూడా. ఇంతలో బసవయ్య తన పచ్చగడ్డి మోపు మోసుకొచ్చి, జాంబయ్య గుహ ముందు దించి వెళ్ళిపోయాడు. యజమానిని వెనకేసుకొచ్చినవాడే ముందుగా పెట్టేసరికి గంగులుకి తల కొట్టేసినట్టైంది. వెనక్కి తిరిగి తన మోపూ తెచ్చి పక్కన పెట్టాడు.

జాంబయ్య రెండు పట్లు బయట పెట్టించాడు. అభిమానుల ఆశయం రెండు మోపులని తేలిందని నక్క అడవంతా చెప్పుకుంటూ తిరిగింది.

మధ్యాహ్నం ఎండలో గంగులు ఖాళీ కడుపుతో గోల్ పక్కన మద్దిచెట్టుకి ఆనుకుని కూలబడ్డాడు. ఆకలి కంటే అవమానం ఎక్కువగా ఉంది. ఇన్నాళ్ళూ తన వెనక ఒక సైన్యం ఉందనుకున్నాడు. అది నోళ్ళ సైన్యమని, అందులో తనదే పెద్ద నోరని ఇప్పుడు తెలిసింది. అప్పుడు చెవిలో చక్కిలిగింత పెట్టినట్టైంది.

"అన్నా, నా పేరు చిట్టెమ్మ. చీమల దాన్ని. ఒక్క మాట అడగొచ్చా?"

గంగులు చెవి విదిలించబోయి ఆగాడు.

"చాటింపులో అభిమాని అన్నారు కదా. అంటే గిట్టలున్నవాళ్ళేనా, మేమూ వస్తామా?"

"మీకు ఆట తెలుసా?" అన్నాడు గంగులు.

"మా పుట్ట ఈ గోల్ కిందే. మా తాతల నాటి నుంచి ఒక్క ఆట తప్పలేదు. మన జట్టు గోల్ కొట్టినప్పుడల్లా నువ్వు గంతులేసేది మా నడింటి మీదే. మనవాళ్ళు ఎక్కువ గోల్స్ కొట్టరు కాబట్టి ఇంకా బతికున్నాం."

గంగులు తన కాళ్ళకేసి చూసుకున్నాడు. మెల్లిగా లేచి పక్కకి జరిగాడు. ఎన్ని ఆటలు చూశాడో, ఎన్నిసార్లు మనం మనం అంటూ అరిచాడో. ఆ మనంలో వీళ్ళు ఉన్నారని ఏనాడూ తోచలేదు. సిగ్గుతో తల దించుకుని, మీరూ అభిమానులేనమ్మా, మాకంటే ముందు నుంచీ మీరే, అన్నాడు.

తెల్లవారి జాంబయ్య ఆవులిస్తూ గుహలోంచి బయటికొచ్చేసరికి ముంగిట్లో నల్లటి గీత కనబడింది. చీమల బారు. ఒక్కొక్కదాని నోట ఒక్కొక్క గడ్డిగింజ. ముందు వచ్చినవి గింజ పెట్టి పక్కకి తప్పుకుంటున్నాయి. వెనక వచ్చేవాటికి అంతు కనబడలేదు. బారు గుట్ట దిగి, వాగు మీద పడిన కొమ్మ దాటి, ఇంకా అవతల కనబడుతూనే ఉంది. పక్కన గంగులు, బసవయ్య నిలబడి ఉన్నారు. వింత చూడ్డానికి అడవంతా కదిలొచ్చింది.

ఒక్క గింజ తిండి కిందికి రాదని నక్క అడ్డుపడింది.

"మా ఒక్కరోజు తిండి ఇంతే," అంది చిట్టెమ్మ. "చాటింపులో మోపని చెప్పలేదు, మూరని చెప్పలేదు. తలకి ఒకటి అన్నారు. మా తలలు చిన్నవే గాని, తలలే."

జాంబయ్య బారు వెంట చూపు పోనిచ్చాడు. పోయిన చూపు తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. సలహా కోసం పక్కకి చూస్తే నక్క అక్కడ లేదు. ఆయన అక్కడే బండ మీద కూర్చుండిపోయి, గంగులుని దగ్గరకి పిలిచి గొంతు తగ్గించాడు.

"గంగులూ, ఈ లెక్కన నేనూ నా పిల్లలూ వాళ్ళ పిల్లలూ పస్తుండాలిరా. ఏదన్నా దారి చెప్పు."

నిన్నటిదాకా ఇలాంటి ఘడియ కోసమే గంగులు కలలుగన్నాడు. రెండు జింకలు, ఒక కణుజు నాలిక చివరిదాకా వచ్చాయి. కాని నిన్నటి పస్తు ఇంకా కడుపులోనే ఉంది. ఒక రోజు తిండి పోతే ఎలా ఉంటుందో తెలిశాక, ఎదుటివాడి తిండి అంత తేలిగ్గా పంచబుద్ధి కాలేదు. చిట్టెమ్మకేసి చూశాడు.

"మాకు ఆయన తేనెందుకు? గోల్‌కీపర్ కావాలి, అంతే," అంది చిట్టెమ్మ.

ఆ పూటే నలభై పట్లు అవతలి కొండకి వెళ్ళాయి. మూడో రోజుకి కొండముచ్చు వచ్చాడు. తాబేలుని గీత పక్కన నిలబెట్టి, బంతి బయటికి పోయిందో లేదో చూసే పని అప్పగించారు. ఆ పని అతనికి బాగా అబ్బింది. తర్వాతి ఆదివారం చిరుత దుప్పులు ఎంత పరిగెత్తినా ఒక్క గోలే కొట్టగలిగాయి. వాగుగట్టువాళ్ళూ ఒకటి కొట్టారు. మూడేళ్ళలో ఓడకుండా ఇంటికెళ్ళిన మొదటి ఆట అదే.

ఆ రోజు అందరికంటే ముందొచ్చి కూర్చున్నది జాంబయ్య. నలభై పట్లు గోల్‌లో నిలబెట్టాడు మరి, కన్ను తిప్పితే ఒట్టు. బంతి గోల్ వైపు వచ్చినప్పుడల్లా గుండె పట్టుకున్నాడు. కొండముచ్చు ఆపినప్పుడల్లా ఆ ఆపింది తానే అన్నట్టు చుట్టూ చూశాడు. ఆట అయ్యాక నక్క మెల్లిగా పక్కన చేరి, ఇంకో చాటింపు ఆలోచన ఉందంది. జాంబయ్య వినిపించుకోకుండా బసవయ్య భుజం మీద చెయ్యేసుకుని ఇంటికి నడిచాడు.

నీతి: మాట ఇచ్చే పెద్దవాడు ముందుగా చిన్నవాళ్ళని లెక్కపెట్టుకోవాలి.