మడతకత్తికి కొత్త స్ప్రింగు

చిదంబరయ్యగారు పొద్దున్నే తోటలో మామిడి అంట్లు కడుతూ కూర్చునేవారు. శిష్యులు ఏ సందేహం అడగాలన్నా ఆ వేళలోనే అడిగేవారు.

ఒకనాడు విరూపాక్షి అనే సన్నాయి విద్వాంసుడు ఆయన పక్కన చతికిలబడ్డాడు. అతనికి గంగాధరమనే తమ్ముడున్నాడు, డోలు వాయిస్తాడు. కొన్నేళ్ళ కిందట ఒక ఉత్సవంలో, నిండు సభలో, విరూపాక్షి వాయిద్యం ఆపి, "నువ్వు డోలు వాయిస్తున్నావా, దూది ఏకుతున్నావా?" అనేశాడు. జనం నవ్వారు. గంగాధరం కర్ర కింద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి మాటల్లేవు. ఇప్పుడు ఆ తమ్ముడే, అన్నయ్యతో కలిసి మళ్ళీ వాయించాలనుందని కబురు పెట్టాడు.

"మనసు లాగుతోంది గురువుగారూ. కానీ మళ్ళీ మునుపటిలా ఉంటామా? ఉండమని తెలిసీ వెళ్ళడం దేనికి?" అన్నాడు విరూపాక్షి.

గురువుగారు అంటుకొమ్మకు చీలిక పెడుతున్నారు. చేతిలోని మడతకత్తి ఉన్నట్టుండి ముడుచుకుపోయి ఆయన వేలు తెగింది. వాళ్ళ తాతగారి నాటి కత్తి అది. తెరిస్తే వెనకనున్న స్ప్రింగు కత్తి అలుగును బిగించి పట్టేది. పిడి వీపున నొక్కితే గానీ వదిలేది కాదు. ఆ స్ప్రింగు నడిమికి విరిగింది.

విరూపాక్షి గబగబా వేలికి గుడ్డ చుట్టి, ముక్కలు చేతిలోకి తీసుకుని, "వెల్డింగు పెట్టించుకొస్తాను" అన్నాడు.

"అతుకు దగ్గర మళ్ళీ విరుగుతుంది. కొత్తది చెయ్యి, నేను చెబుతాను."

విరూపాక్షి ఒక అరిగిపోయిన ఉక్కు ఆకురాయిని ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పి నిదానంగా చల్లార్చాడు. అది మెత్తబడ్డాక విరిగిన ముక్కల్ని దాని మీద పేర్చి చుట్టూ గీత గీశాడు. ఆ గీత వెంబడే కోసి, మరో ఆకురాయితో అరగదీశాడు. మళ్ళీ కాల్చి నూనెలో ముంచాడు. రాయిలా గట్టిపడింది. సంబరంగా కత్తికి బిగించి తెరవబోయేసరికి పుటుక్కుమంది. పొద్దుటి నుంచి పడ్డ పాటంతా పోయింది. ఇక నా వల్ల కాదన్నట్టు చేతులు ముడుచుకుని కూర్చున్నాడు.

గురువుగారు మిగిలిన ఆకురాయి ముక్కను అతని ముందుకు జరిపారు. "గట్టిదనం వచ్చింది, ఓర్పు రాలేదు. ఈసారి నూనెలోంచి తీశాక తళతళలాడేలా రుద్ది, సన్నటి సెగ మీద పట్టు. తొందరపడకు."

విరూపాక్షి మొదటి నుంచీ మళ్ళీ చేశాడు. చివరికి నిప్పుల మీద పట్టుకున్నప్పుడు, ఆలాపన ఎత్తుకునే ముందు లాగా ఊపిరి బిగబట్టాడు. ఇనుము మీద లేత పసుపు పాకింది. అది గోధుమరంగైంది, ఆ తర్వాత నెమలి మెడలా నీలం తిరిగింది. అప్పుడు తీశాడు. శీలలు దిగ్గొట్టి కత్తి తెరిచాడు. టక్కున నిలబడింది. గట్టిగా అదిమి చూశాడు, కదల్లేదు.

కత్తి గురువుగారి చేతికిచ్చి, "సాయంత్రం బస్సుకి మా తమ్ముడి ఊరు వెళ్ళొస్తాను" అన్నాడు. అంతలోనే సంకోచంగా, "కానీ ఇది పాతదానంత సులువుగా మడతపడడం లేదండీ" అన్నాడు.

గురువుగారు బొటనవేలితో నొక్కి చూసి నవ్వారు.

"కొత్తది కదా నాయనా, మొదట్లో బిగుసుకునే ఉంటుంది. తెరుస్తూ, మూస్తూ ఉండాలి."