ఎనిమిది వేళ్ళ లెక్క

“సింగారం! ఎక్కడున్నావురా సింగారం?”

అనగనగా అని మొదలుపెట్టేలోపే ఈ కేక వచ్చిపడింది పిల్లలూ. ఆ అడవిలో ఏటికి ఈవల అడవిదున్నలు, ఆవల ఏనుగులు. ఒకరంటే ఒకరికి పడదు. కేకేసింది దున్నల పెద్ద బూదయ్య. సింగారం ఒక పికిలిపిట్ట. ఏనుగుల బలమెంతో చూసి రావడం వాడి పని.

ఆ పనికి వాడెంత తగినవాడో వినండి. వాడు కాలివేళ్ళ మీద లెక్కపెట్టేవాడు. పిట్టకు రెండు కాళ్ళకీ కలిపి ఎనిమిది వేళ్ళే. తొమ్మిదో ఏనుగు వచ్చేసరికి వేళ్ళు అయిపోయేవి. పొద్దుగూకే వెలుగులో దంతాలు మెరిసేవి. వాడి గుండె జల్లుమనేది. ఇక లెక్కెవడికి కావాలి? ఆ అందానికి తగ్గ అంకె ఒకటి గాల్లోంచి అందుకుని ఎగిరొచ్చేవాడు.

మొదటి ఏడాది యాభై ఏనుగులన్నాడు. బూదయ్య ఉలిక్కిపడ్డాడు. ఎండాకాలంలో దూడల కోసమని దున్నలు ఒక పచ్చటి లోయను అట్టే ఉంచుతాయి. పెద్దలెవరూ అందులో మూతి పెట్టరు. బూదయ్య ఆ లోయలో పావువంతు పోట్లాడే దున్నలకు ఇచ్చేశాడు.

ఏటవతల ఏనుగుల పెద్ద సీతాలమ్మ కూడా వీణ్ణే అడిగింది, దున్నలెన్నని. మేడిపండు పెట్టి మరీ అడిగితే, తక్కువ చెప్పడానికి వీడికి మొహమాటం. అరవై అన్నాడు. అక్కడ గున్నల కోసం ఉంచిన వెదురు తోపులో పావువంతు పోయింది.

రెండో ఏడు ఇటు వంద, అటు నూటఇరవై. సగం లోయ, సగం తోపు. మూడో ఏటికి ముప్పావు. తన మాటకు రెండు సేనలు కదులుతున్నాయని సింగారం చిటారుకొమ్మ దిగేవాడు కాదు. నెత్తిమీది నల్లకుచ్చు కిరీటమే అనుకున్నాడు పాపం.

ఇది నాలుగో ఏడు. సింగారం వచ్చి వాలాడు. ఏనుగులు ఇంకా పెరిగుంటే మిగిలిన పావూ సేనకేనని బూదయ్య అందరికీ చెప్పేశాడు.

సింగారం నోరు తెరిచాడు. మాంచి అంకె నాలుక చివరే ఉంది. అప్పుడు కనబడింది బుజ్జులు అనే దూడ. పోయినేడు వాణ్ణి వీపున ఎక్కించుకుని అడవంతా తిప్పింది. ఇప్పుడు నిలబడలేక తల్లికి ఆనుకుని ఉంది. డొక్కలో ఎముకలు తేలాయి. సింగారం వేళ్ళు వాటంతటవే లెక్క మొదలెట్టాయి. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. వేళ్ళు అయిపోయాయి. ఎముకలు అవలేదు.

ఈసారి గుండె జల్లుమనలేదు. నాలుక చివరి అంకెను మింగేశాడు.

“చెప్పరా, ఎన్ని?”

“బూదయ్య మామా, నాకు ఎనిమిది దాటి లెక్క రాదు. ఏనుగులెన్నో నాకు ఏనాడూ తెలీదు. మీరెన్నో వాళ్ళకీ ఇలాగే గాల్లోంచి అంకె చెప్పాను.”

నీతి: తెలియని చోట భయం అంకె వేస్తుంది, ఆ అంకె పిల్లల మేత తినేస్తుంది. తెలియకపోతే తెలియదని మొదటిరోజే చెప్పాలి.