ఎర్రక్క మెరుపుబండి ఏ దారిన పోవాలి?

మంజులాపురాన్ని ఏలే అనంగభూపతికి చట్టాలంటే మహా సరదా. ఎవరైనా కొత్త చిక్కు పట్టుకొస్తే ఆ పూట భోజనం సంగతి కూడా మరిచిపోయేవాడు.

ఒకనాడు మేడ మీద నిలబడి వీధి చూస్తుంటే ఆయనకో వింత కనబడింది. నడివయసు ఆడమనిషి ఒకతె, రెండు చక్రాల పలక మీద నిలబడి, కొంగు బిగించి రాజవీధిలో వచ్చేస్తోంది. ఎద్దు లేదు, గుర్రం లేదు, చప్పుడు కూడా లేదు. చూస్తుండగానే భటులు ఆమెను చుట్టుముట్టి బండి లాక్కున్నారు.

రాజు వెంటనే అందర్నీ కొలువుకి పిలిపించాడు.

"ఆ బండికి నా వీధిలో తిరిగే హక్కు ఉందా, లేదా? చట్టం తప్పకుండా తేల్చి చెప్పండి" అన్నాడు.

ఆమె పేరు ఎర్రక్క, ఊరికి మంత్రసాని. రేవులో ఓడ మీద ఒక వర్తకుడి భార్యకు కష్టమైన కాన్పు చేసి తల్లినీ బిడ్డనీ దక్కించింది. మోకాలి నొప్పితో ఆమె కుంటడం చూసి ఆ వర్తకుడు ఈ బండి ఇచ్చి వెళ్లాడు. కింద చిన్న పెట్టె ఉంది. ఎండలో పెడితే అది మెరుపు నింపుకుని చక్రాలు తిప్పుతుంది. బండి లేకపోతే తాను కుమ్మరివాడ దాటి పోలేననీ, అక్కడ నెలలు నిండినవాళ్లు ఎదురుచూస్తున్నారనీ ఎర్రక్క చెప్పుకుంది. చెబుతున్నంతసేపూ ఆమె చూపు బండి మీదే ఉంది.

రాజవీధుల అధికారి కేతనాయకుడు ముందుకొచ్చాడు. పునుగు రాసిన మీసాలు దువ్వుకుంటూ తాతలనాటి చట్టం వల్లించాడు. నడిచేవాళ్లు వీధి అంచున పోవాలి. పశువు లాగే వాహనం నడుమ పోవాలి. మూడోది లేదు.

"ఈమె నడవడం లేదు. దీన్ని పశువు లాగడం లేదు. కనుక ఇది వీధిలో ఉండకూడనిది. నాలుగు దారుల కూడలిలో పెట్టి సమ్మెటతో పగలగొట్టించాలి మహారాజా" అన్నాడు.

సభలోని పెద్దలు తలలూపారు. చట్టం అలాగే ఉంది మరి. ఎర్రక్క కళ్లు తుడుచుకుంది.

అప్పుడు పేరిభట్టు లేచాడు. రాజు దగ్గర మాటకారిగా పేరు తెచ్చుకున్నవాడు, కేతనాయకుడికి కంట్లో నలుసు. ఆ పూట మాత్రం ఆయన్నే తెగ మెచ్చుకున్నాడు. నాయకులవారు చెప్పింది అక్షరాలా నిజమనీ, ఒక్క ఎర్రక్కనే పట్టుకుంటే పక్షపాతమన్న మాట వస్తుందనీ, అలా నడకా పశువూ రెండూ కానివి కోట ముందు ఇంకేమున్నా ఇప్పుడే పట్టి తెప్పించాలనీ అన్నాడు. తన మాటకు ఇంత బలం దొరికినందుకు కేతనాయకుడు పొంగిపోయి, తానే భటులను పంపించాడు.

భటులు కాసేపటికి ఒక పల్లకి మోసుకొచ్చి సభ మధ్యలో దించారు. వెండి పిడుల పల్లకి. వెనకే దాన్ని మోసే బోయీలు కూడా వచ్చారు.

కేతనాయకుడి ముఖం కందగడ్డయింది. అది తన పల్లకి అనీ, ముట్టుకోవడానికి మీకెన్ని గుండెలనీ భటుల మీద కేకలేశాడు.

పేరిభట్టు వినయంగా అడిగాడు. "ఇందులో వచ్చేటప్పుడు నాయకులవారు నడుస్తున్నట్టా?"

"కూర్చున్నవాడు నడవడమేమిటి? ఇది వాహనం."

"వాహనమైతే పశువు ఉండాలని తమరే సెలవిచ్చారు. మరి ఈ బోయీలు ఎద్దులా, గుర్రాలా?"

అవునంటే మనుషుల్ని పశువులన్నట్టు. కాదంటే పల్లకి మీద సమ్మెట పడుతుంది. దిక్కుతోచక కేతనాయకుడు బోయీల వైపు చూశాడు. వాళ్లలో పెద్దవాడు చేతులు కట్టుకుని నెమ్మదిగా అన్నాడు.

"ఎద్దులమే అయ్యుంటే ఈపాటికి మేత పడేది దొరా."

ముందు రాజు నవ్వాడు. తరువాత సభంతా నవ్వింది.

నవ్వు తగ్గాక, మరి చట్టం మాటేమిటని రాజు అడిగాడు.

"లాగేదెవరని అడిగితే ఇలాగే ఇరుక్కుంటాం ప్రభూ. ఎంత వేగంగా వస్తోంది, ఆపితే ఆగుతుందా అని అడిగితే చాలు" అన్నాడు పేరిభట్టు.

రాజు సభను కోట ముంగిట్లోకి తీసుకొచ్చి, ఎర్రక్క చేత బండి నడిపించి చూశాడు. వెంట ఒక భటుణ్ణి పరిగెత్తించాడు. మలుపు తిరిగేలోపే భటుడు ఎర్రక్కను అందుకున్నాడు. చెయ్యెత్తగానే బండి ఆగింది. అక్కడికక్కడే కొత్త చట్టం వెలువడింది. పరిగెత్తే మనిషికి అందే బండికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందకుండా పోయేదానికి రాజముద్ర కావాలి, నడిపేవాడి తలకు గట్టి పాగా ఉండాలి. ఏ బండైనా వీధి నడుమే పోవాలి, నడిచేవాళ్ల అంచుకు రాకూడదు. నడపడం రానివాడు బండితో అసలు వీధిలోకే రాకూడదు.

బండి ఎర్రక్కది ఎర్రక్కకే దక్కింది. పల్లకి కూడా విడుదలైంది. రాజు తన జరీ శాలువా తీసి పేరిభట్టుకు కప్పి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. ఈ మెరుపుబండి మీద ఒక్కసారి ఇంటిదాకా వెళ్లాలని ఉందన్నాడు పేరిభట్టు. రాజు సరేనన్నాడు.

ఎర్రక్క మాత్రం పలక దిగలేదు.

"ఎప్పుడైనా నడిపావా బాబూ?"

"లేదమ్మా."

"అయితే నడిచి వెళ్లు నాయనా. నడపడం రానివాడు బండితో వీధిలోకి రాకూడదని ప్రభువులు ఇప్పుడే కదా సెలవిచ్చారు."

ఈసారి అందరికంటే ముందు నవ్వింది కేతనాయకుడు. రాజు నవ్వాపుకోలేక పక్కనున్న భటుడి భుజం పట్టుకున్నాడు. తన రెండో శాలువా తెప్పించి ఎర్రక్కకు కప్పాడు. ఆమె అది నడుముకు బిగించుకుని, వీధి నడుమనే కుమ్మరివాడకు బండి తిప్పింది.