మోకు మీద బరువు

మా చర్చి పాస్టరు ఆమోసు అయ్యగారికి ఒక అలవాటుంది. సంఘంలో అందరూ దానికి జడుస్తారు. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. సహనమంటే ఏమిటని అడిగిన ఒకావిడ చేత చర్చి వెనక మడిలో గోంగూరంతా కోయించి, కూర్చోబెట్టి ఆకు ఆకూ ఏరించారు. ఆవిడకి సహనం అబ్బిందో లేదో గాని, అయ్యగారింట్లో మాత్రం వారం రోజులు గోంగూర పచ్చడే నడిచింది. అప్పట్నుంచీ తెలిసినవాళ్లు ఆయన్ని వర్షం వస్తుందా రాదా అన్నది తప్ప మరేమీ అడగరు. నూకరాజు కొత్తవాడు కాబట్టి అడిగాడు.

నూకరాజు కల్లు కోసం తాడిచెట్లు గీసేవాడు. ఏడాదిగా చర్చిలో ఆఖరి చాప మీద, చెప్పులు కనపడేంత దూరంలో కూర్చుని వాక్యం వింటున్నాడు. వచ్చే ఆదివారం ఊరి కాలువలో అతనికి బాప్తిస్మం. అయ్యగారు నడుము లోతు నీళ్లలో నిలబడి, వీపు వెనక చెయ్యి వేసి, మనిషిని వెనక్కి వాల్చి ముంచుతారు. గట్టు మీద ఊరంతా చూస్తుంది. ఆ సంగతి తెలిసిన రోజున నూకరాజు అన్న తాతబ్బాయి కేకలేమీ వెయ్యలేదు. అన్నం తింటూ, కంచం మీంచి కళ్లెత్తకుండానే, "ఆ కాలువలో దిగితే మళ్లీ నా గుమ్మం ఎక్కకు" అని, ఇంకాస్త పులుసు పోయించుకున్నాడు. కేకలేసి ఉంటే బాగుండేది. తండ్రి పోయాక నూకరాజుకి తండ్రీ, పని నేర్పిన గురువూ ఆ అన్నే. చెట్టెక్కేటప్పుడు నడుముకీ చెట్టుకీ కలిపి చుట్టుకునే మోకు కూడా ఆ అన్న తన చేత్తో పేనిందే. ఆ రాత్రి నుంచి నూకరాజుకి ముద్ద దిగడం లేదు.

శుక్రవారం పొద్దున్నే మోకు భుజాన వేసుకుని అయ్యగారి అరుగు ముందుకొచ్చాడు. కాసేపు నేలని కాలి బొటనవేలితో గీకి, చివరికి ఒక్క ఊపున అనేశాడు. "అయ్యగారూ, మన కాలువలో వద్దండి. పది మైళ్లవతల ఎక్కడైనా, ఎవరికీ తెలీకుండా ముంచెయ్యండి. లోపల ప్రభువుని నమ్ముకుంటాను. బయట అన్నతో ఎప్పట్లాగే ఉంటాను. అలా కుదరదాండీ?"

అయ్యగారు కళ్లజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నారు. నూకరాజుకి గోంగూర మడి గుర్తొచ్చింది.

"నాకు చెట్టెక్కడం నేర్పు," అన్నారు అయ్యగారు.

ఆయనకి అరవై రెండేళ్లు. చర్చి మెట్లు మూడే, మూడింటికీ మధ్య ఒకసారి ఆగుతారు. "ఎందుకండీ ఇప్పుడు?" అన్నాడు నూకరాజు. "ముంజలు తినాలనుంది." "నేను కోసుకొస్తాను గదండీ." "నువ్వు కోస్తే నువ్వెక్కినట్టు. నాకెక్కాలనుంది." "ఎవరైనా చూస్తే కల్లుకెక్కారంటారండి." "అననీ. ఆదివారం నలుగురు ఎక్కువ వస్తారు. పద."

ఉన్నవాటిలో పొట్టిదీ, కాస్త వాలినదీ అయిన తాడిచెట్టు చూసి, పొలం గట్టు మీద దాని ముందు ఆయన్ని నిలబెట్టాడు నూకరాజు. అయ్యగారు చొక్కా విప్పి కంచెకి తగిలించి, పంచె బిగించి కట్టారు. "అమ్మగారికి చెప్పకు," అన్నది ఆయన చేసిన ఒకే ఒక్క ప్రార్థన. నూకరాజు ఆయన పాదాలు రెండిటికీ కలిపి తాడు బంధం వేసి, నడుముకీ చెట్టుకీ కలిపి మోకు చుట్టి ముడి రెండుసార్లు లాగి చూశాడు. మోకు పైకి విసరడం, వెనక్కి వాలి పాదాలు ఎత్తడం, మళ్లీ విసరడం. నేల మీద అన్నీ బాగానే చేశారు. మనిషెత్తు వరకూ హుషారుగా ఎక్కి, కిందికి చూసి కళ్లెగరేశారు కూడా. ఇద్దరు మనుషుల ఎత్తు దాటాక మాటలాగాయి. మూడో మనిషి ఎత్తులో ఆయన మళ్లీ కిందికి చూశారు. చూసి, రెండు చేతులా చెట్టుని కావలించుకుని, చెంప దానికి ఆనించేశారు.

చెట్టెక్కడం కొత్త అయిన ప్రతివాడూ చేసే పనే అది. పసివాడు తల్లిని పట్టుకున్నట్టు పట్టుకుంటే భద్రం అనిపిస్తుంది. కానీ మనిషి చెట్టుకి అతుక్కోగానే వెనకున్న మోకు వదులైపోతుంది, పాదాలకి పట్టు పోతుంది. ఆ తర్వాత కిందిదాకా రొమ్ము చెట్టుకి గీసుకుంటూ రావడమే. తాతబ్బాయి రొమ్ము మీద ఆ మచ్చలున్నాయి. నూకరాజు రొమ్ము మీదా ఉన్నాయి. వాళ్ల నాన్న మాత్రం మచ్చలతో బయటపడలేదు.

"అయ్యగారూ, చెట్టుని వదలండి."

"వదిలితే పడతాను." ఆ గొంతులో ఇందాకటి వేళాకోళం లేదు.

"పట్టుకుంటేనే పడతారండి. వెనక్కి వాలండి."

"వెనకేముంది?"

"మోకుందండి."

"నాకు కనపడటం లేదు."

"ఎక్కేవాడికి కనపడదండి."

పైన ఒక పాదం జారింది. జానెడే గాని, చెట్టు బెరడు పొడి వచ్చి నూకరాజు కళ్లలో పడింది. పైకెక్కి పట్టుకుందామంటే ఉన్న ఒక్క మోకూ ఆయన నడుముకే ఉంది. పాఠం చెప్పవలసిన గురువు తానే పాఠమైపోయేలా ఉన్నారు. పెద్దవాళ్ల ముందు ఎన్నడూ గొంతెత్తని నూకరాజు పొలం దద్దరిల్లేలా అరిచాడు. "వదలండి అయ్యగారూ. మొత్తం వదలండి. బరువంతా మోకు మీద వేస్తేనే అది పట్టుకుంటుంది. సగం చెట్టుకీ సగం మోకుకీ ఇస్తే రెండూ మిమ్మల్ని వదిలేస్తాయి."

అరిచాక ఆ మాట తిరిగొచ్చి అతని చెవిలోనే పడింది.

పైన ఒక వేలు లేచింది. తర్వాత ఇంకోటి. కళ్లు గట్టిగా మూసుకుని, పెదాలు కదుపుతూ, ఆమోసు అయ్యగారు ఏమీ లేని గాలిలోకి వెనక్కి వాలారు. మోకు కిర్రుమంది, బిగిసింది. పాదాలు చెట్టుకి తన్నిపెట్టి నిలబడ్డాయి. అలాగే కాసేపు ఉండి, నూకరాజు చెప్పినట్టల్లా చేస్తూ ఒక్కో అడుగూ దిగారు. ముంజల ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

గట్టు మీద కూలబడ్డ ఆయన రొమ్ము మీద రెండు ఎర్రటి చారలున్నాయి. నూకరాజు గట్టు పక్క నీటి బోదెలోంచి దోసిలితో నీళ్లు తెచ్చి కడిగాడు.

"మీ అన్న గట్టిగా పేనాడు," అన్నారు అయ్యగారు.

నూకరాజు మోకు చుట్ట చుట్టసాగాడు. ముడి దగ్గర అతని వేళ్లు ఆగిపోయాయి. "ఇప్పుడే ఇంటికెళ్లి చెబుతానండి, ఆదివారం మన కాలువలోనేనని," అన్నాడు. చుట్టని భుజాన వేసుకుంటూ, "గుమ్మం మూసేస్తాడండి," అన్నాడు.

అలా జరగదని అయ్యగారు అనలేదు. కంచె మీది చొక్కా తీసి, చారలు కనపడకుండా ఒక్కో గుండీ పెట్టుకున్నారు.

"ముప్పై ఏళ్లుగా అందరినీ వెనక్కి వాలమంటున్నాను, నూకరాజూ, నేల మీద నిలబడి," అన్నారు. "ఆదివారం వాలేది నువ్వు. వదలమని అరిచేది నేను."