దేవుడు రాని రోజు

ఆ ఎండాకాలం కొండ దిగువ జంతువులకు మిగిలింది ఒక్క బావి. అందులో నీళ్లు పైకి రావాలంటే మోట తోలాలి. పెద్ద తోలుసంచిని బావిలోకి వదిలి, దాని తాడు మెడకు కట్టుకుని పల్లంలోకి దిగాలి. సంచి పైకొచ్చి నీళ్లు ఒలికాక, వెనకడుగులు వేసుకుంటూ మళ్లీ గట్టెక్కాలి. గేదెలు, గాడిదలు, మేకలు, మైలగాడనే ఎద్దు వంతులవారీగా ఈ పని చేసేవాళ్లు. లాగనిది నక్క ఒక్కడే. ఆయన మేస్త్రీ. మేస్త్రీ అన్నాక లాగించాలి గానీ లాగకూడదు కదా.

వంతులు బాగానే ఉండేవి, పండుగలు లేకపోతే. గేదెలకు బురదమ్మ తల్లి జాతర వచ్చేది. అది అయిందో లేదో గాడిదలకు ధూళిదేవర ఉత్సవం. మేకలు చిగురుదేవతకు ఉపవాసమని చెప్పి రెండు పూటలా గట్టు మీద పడుకునేవి. ఎవరి పండుగ నాడు వాళ్లకు సెలవు. పండుగ రోజు పని చేయించడం మహాపాపమని మేస్త్రీ చాటింపు కూడా వేయించాడు. మరి ఆ రోజు నీళ్లు తోడేదెవరయ్యా అంటే, ఏ పండుగా లేనివాడు. అంటే మైలగాడు.

మైలగాడికి దేవుడు లేడు. దాని కోసం వాడు ఎవరితోనూ పోట్లాడిందీ లేదు. ఎప్పుడో ఎవరో అడిగితే, నాకైతే ఎక్కడా కనబడలేదు అన్నాడు, అంతే. ఆ ఒక్క మాటకు ఊరందరి పండుగలూ వాడి మెడ మీద పడ్డాయి. మెడ మీద తోలు లేచిపోయింది. కాళ్లు నిలబడే నిద్రపోతున్నాయి. మేస్త్రీగారూ, నాకూ ఒక్క రోజు ఇవ్వండి అని అడిగితే, నక్క జాలిగా తలూపి, ఇద్దామనే ఉందిరా, కానీ నీకు మతం లేదాయె, ఏ ఖాతాలో ఇవ్వను అన్నాడు.

వాడికి మిగిలిన సుఖం ఒకటే. పాకలో ఇంత ఎండుగడ్డి పరుచుకుని, సాయంత్రం దాని మీద ఒరగడం. నక్క కన్ను చివరికి దాని మీదే పడింది.

నక్క సర్వమత సభ పెట్టాడు. అధ్యక్షుడు తనే. ఒక్కో మతం వాళ్లూ సభకు ఒక్కో వస్తువు తేవాలన్నాడు. గేదెలు చల్లటి బురద తెచ్చాయి, గాడిదలు పందిరి కర్రలు మోసుకొచ్చాయి, మేకలు తోరణాలు కట్టి, కట్టినవి కట్టినట్టే సగం మేసేశాయి. అధ్యక్షుడి ఆసనానికి మెత్తగా మైలగాడి ఎండుగడ్డి కావాలని కబురు వెళ్లింది.

మైలగాడు ఈడ్చుకుంటూ వచ్చి, నాకు మతం లేదన్నారు కదండీ అన్నాడు.

నక్క నవ్వాడు. "ఒరేయ్ మైలగా, దేవుడు లేడని నువ్వు గట్టిగా నమ్ముతున్నావా లేదా? ఆ నమ్మకమే నీ మతం. వాళ్లది ఉన్నాడనే మతం, నీది లేడనే మతం. ఇక్కడ అందరూ సమానమే. గడ్డి పట్రా."

సభ తలలూపింది. అధ్యక్షుడు ఆ ఊపులో ఇంకో మాట కూడా అన్నాడు. తను ఏ మతానికీ చెందడట, తనకంటూ ఏ పండుగా లేదట, అందుకే అందరికీ పెద్దయ్యాడట.

మైలగాడికి వాదించే ఓపిక లేదు. గడ్డి తెచ్చి ఆసనం మీద పరిచాడు. "అయితే నాకూ సెలవుంటుంది కదండీ?"

"ఉంటుంది. నీ పండుగేదో చెప్పు," అన్నాడు నక్క, గడ్డిలో కూర్చుంటూ.

"వీళ్లందరికీ దేవుడు వచ్చిన రోజు పండుగ. మరి మా మతంలో దేవుడు రాని రోజే కదా పండుగ అవ్వాలి."

"సరే. ఏ రోజు రాడు?"

"నిన్న రాలేదు. ఇవాళా రాలేదు. మీరేం కంగారు పడకండి. వచ్చిన రోజు కబురు పెట్టండి, పరుగెత్తుకొచ్చి మోట కట్టుకుంటాను."

నక్క మెల్లగా, అసలు లేడనడం మతమెలా అవుతుంది అని మొదలెట్టబోయాడు. చుక్క అనే ముసలి మేక నెమరు ఆపింది. ఆమెకు చిగురుదేవత మీద మహా భక్తి.

"మేస్త్రీగారూ, ఇప్పుడే అవునన్నారు. పండుగ పూట పని చేయిస్తే పాపమన్నదీ మీరే. ఎవరి పండుగైనా పండుగే కదండీ. ఇంతకీ రేపు మా ఉపవాసం. ఏ పండుగా లేనివాళ్లు ఎవరున్నారో చూడండి."

అందరూ ఆసనం వైపు చూశారు.

మర్నాడు మేస్త్రీ మెడకు తాడు కట్టుకున్నాడు. సంచి పైకి రావడం అటుంచి, ఆయనే రెండుసార్లు బావి దాకా వెనక్కి జారాడు. మైలగాడు తన గడ్డి తను తెచ్చుకుని రోజుల తరబడి నిద్రపోయాడు. లేచాక తనంతట తానే వచ్చి తన వంతు తను లాగాడు. దాహానికి సెలవు లేదుగా మరి. పరుల పండుగ నాటి వంతుల జోలికి మాత్రం పోలేదు. అవి మేస్త్రీవి.

చుక్క ఒకసారి పక్కన కూర్చుని, నిజం చెప్పన్నా, నీది మతమేనా అని అడిగింది.

"నాకేం తెలుసమ్మా," అన్నాడు మైలగాడు కళ్లు మూసుకునే. "నాది అలసట. దాని పేరు చెబితే సెలవివ్వలేదు."

నీతి: ఎదుటివాడికి మతం అంటగట్టేవాడు దాంతోపాటు సెలవు కూడా ఇవ్వడానికి సిద్ధపడాలి.