కొమ్ములు చాలని సైతాను

శౌరయ్యకి సైతాను కుదరడం లేదు.

కొండ మీది మఠంలో గుడిగోడకి బొమ్మ వేస్తున్నాడతను. ఎడారిలో ఉపవాసమున్న క్రీస్తు ప్రభువు దగ్గరికి సైతాను వచ్చి, ఈ రాళ్ళని రొట్టెలు చేసుకుని తినమని శోధించే ఘట్టం. ప్రభువు తేలిగ్గానే వచ్చాడు. సైతానుకి రెండు కొమ్ములు పెడితే జపానికొచ్చిన ఆడవాళ్ళు నవ్వారు. నాలుగు చేస్తే ఇంకా నవ్వారు. కోరలు పెట్టాడు, గబ్బిలం రెక్కలు పెట్టాడు.

"మా ఊరొచ్చే పగటివేషగాడు నయం కదా బ్రదరూ!" అంది ఒకావిడ.

ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారానికి బొమ్మ తేలకపోతే గోడకి సున్నం కొట్టించేస్తామన్నారు మఠం పెద్దలు. శౌరయ్యకి పౌరుషం వచ్చింది. శుక్రవారం పొద్దున్నే బలిపీఠం ముందు మోకరించి, సైతాను పూర్తయ్యేదాకా పచ్చి మంచినీళ్ళయినా ముట్టనని మొక్కుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం అతని గురువు జోజయ్యగారు చెంబుతో వచ్చారు.

"అయ్యో, పెదాలు పగిలిపోయాయిరా నాయనా. కాస్త మజ్జిగ తాగు."

"మొక్కుకున్నాను కదా స్వామీ. మీకూ చెప్పాను."

"చెప్పావులే. నీకోసం కాదు, పనికోసం. చెయ్యెలా వణుకుతోందో చూడు. పక్కనున్న ప్రభువు ముఖం మీద రంగు పడితేనో? నేనే ఇస్తున్నాగా, తాగు."

నిజమే అనిపించింది శౌరయ్యకి. అల్లం, ఉప్పు వేసిన చల్లటి మజ్జిగ. గటగటా తాగేసి మూతి తుడుచుకున్నాడు.

గురువుగారు ఖాళీ చెంబు అందుకున్నారు. గోడ మీది సైతానుని ఎగాదిగా చూశారు.

"ఇతనిస్తే తాగేవాడివా?"

అంతే, వెళ్ళిపోయారు.

 శౌరయ్య లేచి సైతాను కొమ్ములు గీకెయ్యడం మొదలుపెట్టాడు.

మట్టల ఆదివారం జనం గోడ ముందు ఆగారు. ఎవరూ నవ్వలేదు. కర్ర పొడుచుకుంటూ వచ్చిన ఒక ముసలమ్మ ప్రభువుకి దణ్ణం పెట్టింది. ఆయన మీదికి వంగి, కళ్ళనిండా జాలితో రాయి అందిస్తున్న పెద్దాయనకీ పెట్టింది.

"ఎవరో గానీ మహానుభావుడు. ప్రభువు ఆకలి చూడలేకపోతున్నాడు, పాపం" అంది.

 శౌరయ్య గురువు వైపు చూశాడు.

"పోలిక వచ్చింది" అన్నారు జోజయ్యగారు.